రెండంకెల గడి

బెండిగోలో ట్రామ్ మలుపు దగ్గర
మేడ మీద గది మా వీసాల ఆఫీసు.
కింద మాలీవన్ గారి థాయ్ హోటలు.
పదకొండు దాటితే వెల్లుల్లి వేగిన వాసన
మెట్లెక్కి వచ్చి నా ఫైళ్ల మీద కూర్చుంటుంది.

మాలీవన్ గారి మణికట్టుకి పట్టీ.
ఇరవై రెండేళ్లు బాణలి ఎత్తిన చెయ్యి
ఇప్పుడు గ్లాసెత్తడానికి రెండో చేతిని పిలుస్తోంది.
వంటమనిషి కావాలన్నారు.
"వంటమనిషి అనకు, చెఫ్ అను" అన్నాడు మా డర్మట్.
జాబితాలో కుక్‌ది ఒక నంబరు, చెఫ్‌ది ఇంకో నంబరు.
రెంటి మధ్యా ఉన్న గీత
ఉప్పు చూసే నాలుకకి తెలీదు.

ముందు ప్రకటన వెయ్యాలి.
ఈ పని వచ్చినవాళ్లు ఈ దేశంలో లేరని
ఈ దేశాన్నే అడగాలి, నాలుగు వారాలు.
ముగ్గురు రాశారు.
ఒకాయన పిజ్జాలు కాల్చాడట.
ఒకమ్మాయి పందెపు గుర్రాలకి దాణా కలిపేదట.
మూడో ఆయన జీతమెంతని అడిగి మళ్లీ పలకలేదు.
లేరని తేలింది.
లేకపోవడానికీ ఒక రసీదు ఉంటుంది,
దాన్ని ఫైల్లో కుట్టాను.

అప్పుడొచ్చింది ఖోన్ కేన్ నుంచి పాస్‌పోర్టు కాపీ.
పేరు ప్రాణీ.
మా ఇళ్లలో ఊపిరున్నదేదైనా ఆ పేరుకి పలుకుతుంది,
చీమైనా, బుట్టలో కొట్టుకునే కొర్రమీనైనా.
వాళ్ల దగ్గర దయ అని అర్థమట.
'కరుణా' అంటే దయచేసి అనట.
ఒకే మూట విప్పి మాటలు పంచుకుని
ఎప్పుడో ఎవరి దారిన వాళ్లం పోయినట్టున్నాం.

అనుభవానికి రుజువు లెటర్‌హెడ్ మీదే ఉండాలి.
పదకొండేళ్లు ఆమె పనిచేసింది తోపుడు బండి దగ్గర.
ఎన్ని సీట్లు అని అడిగితే
నాలుగు స్టూళ్లు, ఒక కాలవ గట్టు.
"లెటర్‌హెడ్ లేదు, గొడుగుంది" అని
ఫోటో పంపింది.
నీలం గొడుగు, దాని మీద ఏదో ఫోన్ కంపెనీ బొమ్మ సగం వెలిసి,
కింద రోట్లో పచ్చి బొప్పాయి కోరు.
రోకలి పట్టిన చెయ్యి ఆగలేదు కాబోలు,
అక్కడ పొగలా పడింది.
ఆ గొడుగుని కత్తిరించి
ఉత్తరం నెత్తిన పెట్టాను.

ఇంగ్లిష్ పరీక్షలో అడిగారట:
మీకు బాగా నచ్చిన సెలవు గురించి రెండు నిమిషాలు మాట్లాడండి.
వరదకి బండి కొట్టుకుపోయిన రోజు చెప్పింది.
నిమిషంలో అయిపోయింది.
మిగతా నిమిషం ఆ నీళ్లనే చూస్తూ కూర్చుందట.
గట్టెక్కింది, అర మార్కుతో.

ఇక అయిపోయిందనుకున్నాక ఫైలు తిరిగొచ్చింది.
వారానికి పది గంటలు చేసిన మనిషిని
పూర్తికాలపు చెఫ్ అనలేమట.

పదా?
నేను రాసింది నూటయిదు.
రోజుకి పదిహేను, ఏడు రోజులూ.
ఆ గడి రెండంకెలదే.
ఒకటినీ సున్నానీ లోపలికి రానిచ్చి
అయిదుని గుమ్మం బయట నిలబెట్టింది.
తప్పు నాదే. పంపేముందు సరిచూసుకోలేదు.

"ముప్పై ఎనిమిది వెయ్యి" అన్నాడు డర్మట్, తల ఎత్తకుండా.
"నిండు వారమంటే అంతే."
వేశాను.
వేసి, భోజనాల వేళ కవరు వెనక లెక్క కట్టాను.
వారానికి అరవై ఏడు మిగిలాయి.
ఏడాదికి యాభై రెండు వారాలు. పదకొండేళ్లు.
ముప్పై ఎనిమిది వేల మూడు వందల ఇరవై నాలుగు గంటలు.
రెండుసార్లు కట్టాను, అంతే వచ్చింది.
ఎక్కడ పెట్టను వీటిని?

ఫోన్ చేసి చెప్పాను.
నవ్వింది. వెనక రోలు మోగుతూనే ఉంది.
"ఆ గంటలన్నీ నిద్రపోయానని రాసెయ్యండి, కరుణా" అంది.

వీసా ఇంకా రాలేదు.
కింద మాలీవన్ గారు
ఎడమ చేత్తో గరిట తిప్పడం నేర్చుకుంటున్నారు.