మిట్ట

ఐస్‌లాండ్ చలికాలం, మూడింటికే చీకటి.
తెర మీద మాత్రం జులై.

రన్‌వే గీత గీస్తే చాలు,
సిమ్యులేటర్ ఇస్త్రీపెట్టెలా నేలంతా చదును చేసేస్తుంది.
సోల్రున్ ఊరుకోదు.
జానెడు ఎత్తుతుంది, బెత్తెడు దించుతుంది.
విండ్‌సాక్‌కి చిరుగు పెట్టింది.
షెడ్డు తలుపుకి ఎరుపు వేసి, ఎరుపు మీద తుప్పు వేసింది.
గొర్రెలు ఎక్కువయ్యాయని రెండు తీసేసి,
మనసొప్పక ఒకటి మళ్ళీ పెట్టింది.

మూసేసేదాకా ఇక్కడ టపా విమానం దించిన ఎయోల్వర్
పక్క కుర్చీలో. చూపు పోయి మూడేళ్ళు.
"కొండ దాటాం. ఇక తగ్గించాలి" అన్నాడు,
ఇంజిన్ చప్పుడు విని.

చక్రాలు తాకాయి. గులకరాళ్ళ కరకర.
జాయ్‌స్టిక్ మీద అతని చెయ్యి బిగుసుకుని
దేనికోసమో ఆగింది.
విమానమే ఆగిపోయింది.

"మిట్టేదీ?"

షెడ్డు దాటాక, మంచు కరిగిన ప్రతి ఏడూ లేచే మిట్ట.
ఇరవై వేసవులు గ్రేడరెక్కి
సోల్రున్ చెక్కీ చెక్కీ వదిలించుకోలేకపోయిన మిట్ట.

కాఫీ పక్కకి జరిపి మౌస్ అందుకుంది.
"ఎంత లేపను?"

"నడుం విరిగేంత వద్దు.
నోట్లో సిగరెట్టు రాలేంత."