ఏడో ప్రశ్న

పాలమూరు డిగ్రీ కాలేజీల పేపర్లు దిద్దుతున్న.
మే నెల. ఫ్యాను తిరుగుతున్నది గని గాలి లేదు.
కట్టకు ముప్పై. ఎర్ర పెన్ను. ఉప్పెక్కువయిన మజ్జిగ పాకెట్టు.

ఏడో ప్రశ్న:
ఈ నవలలోని మత ప్రతీకలను వివరింపుము. పది మార్కులు.

అందరిదీ ఒకటే గైడు.
పాము అంటే పాపం. మంట అంటే శుద్ధి.
తెగిన తాయెత్తు అంటే పోయిన పసితనం.
పేజీకి రెండు మార్కుల లెక్కన
పసితనం ముప్పైసార్లు పోయింది
ఇంకా అన్నం గంట గూడ కొట్టలే.

రెండో కట్టల పైపేపరు.
బార్‌కోడు తప్ప పేరుండదు.
ఆడపిల్లనో మగపిలగాడో, రెండే వాక్యాలు:
"మంటకు అర్థం ఏం లేదు సార్, అది మంట.
పిల్లలు దాంట్ల ఇంకో పిలగాని చెయ్యి పెట్టించిన్రు."

దుందుభి వాగు ఎండిన ఏడు అది.
చావిడిల పెద్దల పీర్లు లేచినంక
మా పీరును మేం నిలబెట్టుకున్నం.
కందికట్టెకు గిన్నెమూత,
జాంగీరు వాళ్ళమ్మ పాత రైక దట్టీ,
కుడుకలు దొరక్క సోడా బిరడాల దండ.
ఊదు లేదని బుగ్గయ్య వేపాకు పొగేసిండు.
నవ్వుకుంటనే మొక్కినం.
నవ్వుకుంటనే మొదలయింది.

గంపల మాగబెట్టిన సీతాఫలాలు ఆరు పోయినయి.
దొంగెవరో పీరే చెప్పాలన్నరు.
నా మీదికి వచ్చింది.

రాలేదు.
ఇన్నేండ్లకు రాస్తున్న, ఏదీ రాలేదు.
కాళ్ళు నేనే ఒణికించిన, కండ్లు నేనే తేలేసిన.
ఆ ఆరింట్ల నాలుగు నేనే తిని
గింజలు గోడ అవతలికి ఊసిన.

కాని కట్టె చేతుల బరువెక్కింది,
అది మాత్రం అబద్ధం కాదు.
బిందెతోని నా కాళ్ళ మీద నీళ్ళు పోసిన్రు.
రెండేండ్లు పెద్దోడు మాసయ్య,
రోజూ నా నెత్తిన మొట్టేటోడు,
'సామీ' అన్నడు.
అంత తీపి సీతాఫలంల గూడ లేదు.

ఈదయ్య వేపచెట్టు కాడ నిలబడ్డడు.
పెద్దల పండుగల వాళ్ళ నాయిన డప్పు కొట్టుకుంట
బయటనే ఉంటడు.
ఇది పిల్లలదే గద అని
వాడు లోపటికి వచ్చిండు.

కట్టె ఎటు వంగాల్నో నాకెవ్వరు చెప్పలేదు.
చెప్పే పని లేకుండె.
ఊరు ఎప్పుడో చెప్పి పెట్టింది.

తప్పు చెయ్యనోని చెయ్యి కాలదన్నరు.
గుండంల జొన్నసొప్ప నిప్పులు.

అరుపు ఇనంగనే
పీరు మల్ల గిన్నెమూతయింది,
దట్టీ మల్ల రైకయింది.
మేం ఏమయినమో ఏ గైడుల లేదు.

పొయ్యిల పడ్డనని చెప్పిండట వాళ్ళమ్మకు.
మూడోనాడు చేతికి గుడ్డ చుట్టుకోని
గోటీలాడనీకి వచ్చిండు.
ఎడమచేత్తోని ఆడి
నావి పదకొండు గెలుచుకున్నడు.
ఒక్కటి గూడ తిరిగి అడగలే నేను.

"కీల లేని జవాబు గద సార్, సున్న ఎయ్యుండ్రి"
అంటున్నడు పక్క కుర్చీ సారు.
పెన్ను చేతుల బరువెక్కింది,
గా బరువు నాకు ఎరికే.

గడి ఖాళీగనే ఉంది.
అన్నం గంట కొడుతున్నరు.