సొన మచ్చ

తొమ్మిదో తరగతిలో డ్రాయింగు గంట
శుక్రవారం, బడి విడిచే ముందు.
సగం శుక్రవారాలు లెక్కల సారు ఎత్తకపోతాడు.
మిగిలిన సగానికి చెంగల్రాయులు సారు
సైకిలుకు గుడ్డసంచి తగిలించుకోని వస్తాడు.
సంచిలో ఒక వంకాయ,
అంచు లేచిపోయిన పింగాణీ కప్పు,
ఇంటికాడ ఆయమ్మ ఎతుకుతా ఉండే ఇత్తడి చెంబు.

"చెంబును గీయొద్దు మే.
చెంబు పక్కనుండే గాలిని గీయి.
చెంబు దానంతటదే వస్తాది."

మేమంతా నవ్వినాము.
దిల్షాద్ మాత్రం నవ్వకుండా
పెన్సిలు ముక్కును బండకేసి నూరుకుంటా ఉండింది.

నీడ నల్లగుంటాదని
ఎవురు చెప్పినారని అడిగినాడు ఒకదినం.
మూడు గంటల ఎండలోకి మమ్మల్ని తోలి
నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబెట్టినాడు.
సిమెంటు మింద నీడ
నేరేడుపండు తిన్న నాలిక మాదిరి ఉంది.
నాలుగేండ్లుగా ఆ డ్రమ్ములో నీళ్ళు తాగతా ఉండాను.
నీడను చూసింది ఆపొద్దే.

పదో తరగతికి ఆ గంట కూడా పాయె.
టైంటేబుల్లో డ్రాయింగు అని ఉన్నచోట
తెల్లకాగితం అంటించి ఫిజిక్సు అని రాసినారు.
కాగితం ఎడమపక్క రవ్వంత పైకి లేసింది.
అది వంకరగా ఉందని
క్లాసులో ఇద్దరికే కనిపించింది.

ఇంగ ఆదివారాలు, సంతపేటలో
సారు ఇంటి వసారాలో.
ఫీజు అడగడు.
"లోయర్ పాసై, హయ్యర్ కూడా పాసైతే..."
అని మొదలుపెట్టి
ఆ తర్వాత ఏమొస్తాదో చెప్పకుండా
పొడుం డబ్బీ ఎతుక్కుంటాడు.

మా అమ్మది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
సీజన్లో రాత్రి షిఫ్టు.
బెల్టు మింద తోతాపురి కాయలు వస్తానే ఉంటాయి,
తొడిమెకాడ సొన చిమ్మతానే ఉంటాది.
మణికట్టు దాకా
తోలు ఊడి తెల్లబారిన మచ్చలు.
సీజనైపోయినా అవి పోవు.

పరీక్షకు తిరుపతి.
తొలిబస్సులో ఒళ్ళో బోర్డులు పెట్టుకోని కూర్చున్నాము.
"కొండకా?" అన్నాడు కండక్టరు.
"కాదన్నా, కొండకింద బడికి" అనింది దిల్షాద్.

హాలు కిటికీ నిండా కొండే.
దాన్ని గీయమని ఎవురూ అడగలేదు.
మెమరీ డ్రాయింగు ప్రశ్న: సంత.
ముందు బెంచీ పిల్లోడు
గొడుగులు, గంపలు, ఒక ఆవు వేసేసినాడు అప్పుడే.
నాకు జ్ఞాపకం వచ్చినవి రెండు చేతులే,
కాయలు ఏరతా ఉండే చేతులు.
మచ్చలకాడికొచ్చి పెన్సిలు ఆగిపోయింది.
ఎంత రుద్దినా మురికి వస్తాదే గానీ
మచ్చ రాదు.
గంట కొట్టబోయేముందు
చుట్టూ తోలంతా నల్లజేసి
మచ్చల్ని ఉత్త కాగితంగా వదిలేసినా.

మెమరీలో నాకు ముప్పై ఆరు.
దిల్షాద్‌కు డెబ్బైరెండు. ఆమె ఇప్పుడు
ఇంటర్లో బైపీసీ. రికార్డులో కప్పను గీస్తే
లెక్చరర్ ఆ రికార్డు తిరిగి ఇయ్యలేదంట.

ఆ ఏప్రిల్లోనే సారు రిటైరైనాడు.
పోస్టు నింపలేదు.
పోతా పోతా గుడ్డసంచి నాకిచ్చినాడు,
చెంబు మాత్రం ఆయమ్మ తీసేసుకునింది.

పరీక్ష పేపరు వాళ్ళే పెట్టుకుంటారు గదా,
అందుకే ఇంట్లో మళ్ళా గీసి
అమ్మకు చూపించినా.
శానాసేపు చూసింది.
బాగుంది అనలేదు.
"చిటికినేలు ఎందుకు సక్కంజేసినావు?" అనింది.

డబ్బా మూతల మిషన్లో పడి వంగిపోయిన ఏలు.
దినామూ ఆ చేత్తోనే నాకు జడేసింది.

నేను రబ్బరు తీసుకునేది చూసి
బల్బు కిందికి జరిగి
చెయ్యి మోకాలి మింద పెట్టుకునింది.
పొయ్యి మింద ఎసరు పొంగింది.
నేను లేవబోయినా.

"కూచో. ముందు ఏలు గీయి."