ఆఖరి బస్సు ఎనిమిదీ నలభైకి

మా ఊరి రైలు స్టేషను మా ఊళ్లో లేదు.
ఆమదాలవలసలో దిగి
శ్రీకాకుళం వచ్చీసాం అనుకున్న చుట్టాలు
ఇంకో ఆటో బేరమాడాలి.
ఆ కష్టం తెలిసిన ఊరే
బంతిని కూడా తీసుకెళ్లి ఊరవతల పెట్టింది.

పాత గ్రౌండు నాగావళి గట్టు పక్కన.
గోడకి ఒకచోట ఇటుకలూడి మనిషి పట్టేంత సందు,
దాన్నే మెయిన్ గేటు అనేవాళ్లం.
బట్టల కొట్టు గుమస్తా షట్టరు సగం దించి వచ్చేవాడు.
డ్యూటీ దిగిన నర్సు ఒక సగం చూసి ఇంటికెళ్లేది.
బంతి గోడ దాటి ఏట్లో పడితే
బట్టలుతుక్కుంటున్న ఎవరో ఒకరు తిరిగి విసిరేవారు.
అదీ పాసే.

కొత్త స్టేడియం హైవే మీద, ఎచ్చెర్ల దాటాక.
ఇరవై వేల కుర్చీలు, అన్నీ నీలం.
కార్లకి పదెకరాలు.
బస్సుకి ఒక రేకు, రేకు కింద బల్ల,
బల్ల మీద ఎవరిదో మేక.

గీసిన ఇంజినీరుని తిట్టను.
ఊళ్లో చోటేదీ అంటాడు, నిజమే.
గుజరాతీపేటలో ఇళ్లు కూల్చి
గోలుపోస్టు పాతమని నేనైనా ఎలా అంటాను?
కాకపోతే ఆయన కారులో వచ్చి కారులో వెళ్లాడు.

నేను కండక్టర్ని. నా లెక్క వేరు.
మ్యాచ్ ఏడింటికి, నా ఆఖరి బస్సు ఎనిమిదీ నలభైకి.
అంటే ఎనభై అయిదో నిమిషం.
గ్యాలరీ నుంచి రేకు దాకా నడక పది నిమిషాలు,
మోకాళ్ల నొప్పులుంటే పావుగంట.
తొంభై నిమిషాల ఆటలో
బస్సు మనిషికి రాసిపెట్టినవి డెబ్బైచిల్లరే.

ఆ శనివారం ఇద్దరికీ గోల్లేదు. అలాగే లేచి వచ్చీసారు.
మురీ మిక్చర్ అసిరమ్మ, డబ్బా సగమైనా ఖాళీ కాలేదు.
ఆడవాళ్లకి ఛార్జీ లేదు కదా ఇప్పుడు,
"సున్నా టిక్కెట్టు కొట్టమ్మా,
అక్కడా సున్నాయే, ఇక్కడా సున్నాయే" అంది.
నలుగురు పాలిటెక్నిక్ కుర్రాళ్లు.
నిద్రపోతున్న మనవరాల్ని భుజానేసుకుని బలగ తవిటయ్య.
చివర్న నీలవేణి.
ఆమె కొడుకు కూర్మారావు ఎడమ పక్క
ఇంకా పరిగెడుతూనే ఉన్నాడు లోపల.
"ఆగొచ్చు కదమ్మా" అన్నాను.
"ఆటోవోడు నాలుగొందలంతన్నాడు" అంది.
తర్వాత కిటికీ వైపు తిరిగింది.

డ్రైవరు సన్యాసిరావు కాసేపు టైర్లు తన్నాడు,
అద్దం తుడిచిందే తుడిచాడు.
ఎంతసేపని? డిపోలో సంజాయిషీ అతనే రాయాలి.
బండి కదిలింది.

కిలోమీటరు దాటామో లేదో,
వెనక సీటు కుర్రాడి ఫోన్లో బొమ్మ ఆగిపోయింది.
మళ్లీ కదిలేసరికి వల ఊగుతోంది.
కొట్టిందెవరో వాడింకా చెప్పలేదు,
నీలవేణి లేచి నిలబడిపోయింది.

బస్సు అరిచింది.
అసిరమ్మ డబ్బా మూత వాయించింది,
మురీలు ఎగిరి తవిటయ్య బట్టతల మీద పడ్డాయి,
పిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకుంది,
సన్యాసిరావు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.
ఎదురొచ్చిన లారీవాడు ఏదో తిట్టే ఉంటాడు.
ఆ రాత్రి మా ఊరి గ్యాలరీ
అరవై కిలోమీటర్ల వేగంతో ఇంటికెళ్తోంది.

తర్వాత ఫోన్లో మళ్లీ చూశాం.
కొట్టినవాడు చేతులు చాచుకుని
కుర్చీల వైపు పరిగెత్తాడు.
లైట్ల కింద నీలం, నీలం, నీలం.
గీత దగ్గర ఆగాడు.
చేతులు ఎప్పుడు దించాడో కెమెరా చూపించలేదు.

వాళ్లమ్మ ఆ ముక్క నాలుగుసార్లు పెట్టించుకుంది.
రెండుసార్లే నవ్వింది.

కాంప్లెక్సులో అందరూ దిగారు.
నేను మిషను మూసి, చిల్లర లెక్కపెట్టి తలెత్తితే
ఆమె ఇంకా సీట్లోనే ఉంది.
"ఈ బండి మళ్లీ అటెల్తాదా?"
"పొద్దున్న అయిదుంపావుకి" అన్నాను.