బొమ్మ పడని రూపాయి

ప్రొద్దుటూరులో తప్పు అంటే
తూకంలో తేడా వచ్చే గురిగింజెత్తు.
బంగారు అంగళ్ల వీధిలో
గాలికి త్రాసు ఊగుతుందని
ఫ్యాను ఆపేసి చెమటలు కక్కుతారు.
ఆ వీధి చివర అద్దింట్లో
నేను తప్పుల్ని దాచుకుంటున్నాను.

ఇరవై ఆరేళ్లు మైదుకూరు బస్సులో కండక్టర్ని.
తోలు సంచిలో చెయ్యి పెడితే
వేళ్లకే తెలిసేది, ఏది ఐదు, ఏది రెండు,
ఏది వాటిలో కలవనిది.

ఒకదాని మీద సింహాలు పక్కకు జరిగి
సగం అంచు బయట వేలాడుతున్నాయి,
ఫుట్‌బోర్డు మీద కాలేజీ పిల్లల్లా.
ఒకదాన్ని చందమామ అనుకొని ఎవరో కొరికారు.
ఇంకొకటి, దీన్ని ఎగరేసి పందెం కాయకండి,
ఇటు బొమ్మ, అటూ అదే బొమ్మ
తిరగబడి, లోపలికి గుంటపడి,
పిండిలో నొక్కి తీసిన ముఖంలా.
బొరుసు దానికి పుట్టనేలేదు.

దాచడం నేర్పింది మౌనాచారి.
"అంచు పట్టుకో. ముఖం మీద వేలు పెట్టొద్దు.
చెమటలో ఉప్పుంటుంది, ఉప్పుకు ఓపికుంటుంది."
మెత్తటి ప్లాస్టిక్ కవర్లన్నీ పారేయించాడు,
రెండేళ్లకు అవి పచ్చటి జిగురు కక్కుతాయట.
గట్టి అట్ట చట్రం, నడుమ పలచని కిటికీ,
పిన్ను కొట్టాక దాని మొన చదును చేయాలి,
లేకుంటే పక్కదాన్ని గీరుతుంది.
తేమ పీల్చే చిన్న పొట్లాలు
చెప్పులంగడి ఖాదర్‌వలీ ఎత్తిపెడతాడు.
ఎండాకాలం భయం లేదు,
పెన్నలోనే లేని నీళ్లు గాల్లో ఎక్కడివి?
ముసురు పట్టినప్పుడే నాకు నిద్ర పట్టదు.

మా ఓబుళమ్మ ఒకసారి, పాపం,
మురికిగా ఉన్నాయని చింతపండుతో తోమింది.
మూడు నాణేలు తళతళా మెరిసి చచ్చిపోయాయి.
ఆ రోజు నేనన్న మాట ఇంకా ఇంట్లోనే ఉంది.
దానికి ఏ కవరూ లేదు.

బెంగళూరాయన ఒకడు భూతద్దం పెట్టి
"ఇది ఆకురాయి పని" అని ఒకదాన్ని పక్కకు నెట్టాడు.
నిజమే, అంచున గీతలు.
కావాలని చేసింది తప్పు కాదు, మోసం.
టంకశాల కునుకు తీస్తూ జారవిడిచిందే తప్పు.
అయినా దాన్ని పారేయలేదు.
ఎందుకో నన్నడక్కండి.

అన్నిటికంటే ముందుది
బొమ్మా బొరుసూ లేని ఉత్త బిళ్ళ.
దువ్వూరు దగ్గర పసుపు కళ్లంలో కూలి చేసే
సుంకులమ్మవ్వ ఇచ్చింది.
"మూడంగళ్లు తిరిగినా నాయనా, యెవురూ తీసుకోల్యా.
కూలిచ్చినోడు మాత్రం దీన్నీ లెక్కబెట్టే ఇచ్చినాడు."
టికెట్టు కొట్టాను.
డిపోలో నా రూపాయి వేశాను.

మొన్న ఆమే ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.
పింఛను మిషను మళ్లీ ఆమె వేలిని ఒప్పుకోలేదట.
కొమ్ములు రుద్ది రుద్ది గీతలన్నీ అరిగిపోయాయి.
"నా బిళ్ళ ఉండాదా?" అంది.
పిన్నులు ఊడదీసి చేతిలో పెట్టాను.
అంచు పట్టుకో అవ్వా అనబోయి ఊరుకున్నాను.
బొటనవేలితో నడిమధ్యన అదిమి అదిమి చూసింది,
బొమ్మ లోపలెక్కడో ఇరుక్కుందేమో అన్నట్టు.

తుడవలేదు. అట్లే చట్రంలో పెట్టేశాను.
ఈ ముసురుకు తీసి చూస్తే
గోధుమరంగులో సన్నగా మూడు గీతలు,
మిషనుకు దొరకనివి.

మౌనాచారి చూస్తే తిడతాడు.
అట్ట మీద పెన్సిలుతో రాశాను:
సంవత్సరం తెలియదు.
టంకశాల, దువ్వూరు.