మూడో దశాంశం

మే ఆరో తేదీ. లేనా నది మంచులో
తొలిచిన బెజ్జంలోకి కొలబద్ద దించి
ఒకటి పాయింట్ నాలుగు రెండు మీటర్లని రాసుకున్నాను.
ఆ పైన మిల్లీమీటర్లు
నా కొలబద్దకి కనపడవు.

మంచు దారి మూసేశాక పనిలేని లారీకి ఆనుకుని
ఉయ్‌బాన్ తాత అడిగాడు:
"మా అవ్వ ఎప్పుడు కదులుతుంది?"
ఇక్కడివాళ్ళు నదిని అవ్వ అనే పిలుస్తారు.
"అవతలి ఒడ్డున కోడలికి నెలలు నిండాయి.
చెప్పు, కంప్యూటరమ్మా."

రాత్రి స్టేషన్‌లో లెక్క వేశాను.
పారే నీటికి సూత్రాలున్నాయి,
కరిగే మంచుకీ ఉన్నాయి.
ఎక్కడా చీటీలు వెయ్యలేదు.
మళ్ళీ వేశాను, అదే లెక్క,
మూడో దశాంశంలో మాత్రం
ఆవగింజలో అరవయ్యో వంతు చేర్చి.

నాలుగు రోజులదాకా రెండు గీతలూ ఒకటే గీత.
ఐదో రోజు జడపాయల్లా కాస్త విడివడ్డాయి.
ఎనిమిదో రోజు
ఒకదాంట్లో నది నింపాదిగా ఉత్తరానికి పోయింది.
ఇంకోదాంట్లో, దీవి మలుపులో మంచు అడ్డం పడి
నీళ్ళు ఎదురుతన్ని
బడి కిటికీలు ఎక్కాయి.

తుస్కులానా నా భుజం మీంచి చూసి
"ఏది నిజం?" అంది.
ఏమో. రెండూ ఒకే నియమం కన్న పిల్లలే.
"ఇంకా సన్నటి కొలబద్ద తెద్దాం."
తెద్దాం. పదింతలు సన్నది తెస్తే
రెండు రోజులు ఎక్కువ కనపడుతుంది.
నూరింతలు సన్నదైతే నాలుగు.
ఖర్చు గుణకారంలో, రాబడి కూడికలో.
ఇంత నష్టపు బేరం ఏ సంతలోనూ చూడలేదు.

మేలో తెగుతుందని, ఆగస్టులో కాదని
పాత రిజిస్టర్లు చెబుతాయి.
తారీఖు మాత్రం అవ్వ కొంగున ముడేసుకుంది.

"నాలుగు రోజులు నా మాట నమ్ము.
ఆ తర్వాత నేనూ నీలాగే ఒడ్డున నిలబడి చూడాలి"
అన్నాను తాతతో, కాస్త సిగ్గుపడుతూ.
"నాలుగు చాలు" అన్నాడు.
ఆ సాయంత్రమే, గాలి మీద జారే పడవలో వెళ్ళి
కోడల్ని గొర్రెతోలు కోటులో చుట్టి తెచ్చుకున్నాడు.

పదకొండో రోజు అవ్వ కదిలింది,
నేను గీసిన రెండు గీతల్లో
దేనిమీదా కాలు పెట్టకుండా.
పిల్ల అంతకు ముందే పుట్టేసింది,
డాక్టరు చెప్పిన తేదీకి ఆరు రోజులు ముందుగా.

తాత ఒక అట్టు తుంచి నీళ్ళలోకి విసిరాడు.
నేను నీటిమట్టం రాస్తూ
మూడో దశాంశం దగ్గర
ఖాళీ వదిలాను.