నూట పది పౌన్లు

చీమకుర్తి దాటాక, కర్నూలు రోడ్డు పక్కన,
రాతిపొడికి తెల్లబడ్డ వేపచెట్టుకు
పాత టైరు వేలాడదీసి
సున్నంతో 'గాలి' అని రాశాడు మా నాన్న కాశింవలి.
రెండే అక్షరాలు.
మా బియ్యం, నా పదో తరగతి, అమ్మ కంటి ఆపరేషను
అందులోంచే వచ్చాయి.

గాలి మాటలంటారు, గాలి తిరుగుళ్లంటారు,
ఊళ్లో గాలికి మంచి పేరు లేదు.
నాన్న మాత్రం క్వారీ దిగే లారీని చూపించేవాడు:
"చూడవే దస్తగిరీ,
ఇరవై టన్నుల నల్లరాయి
కృష్ణపట్నం దాకా దేని మీద కూర్చోని పోతందో!
రబ్బరు మీద కాదు.
లోపల కుదురు లేకుండా
గోడల్ని గుద్దుతా ఉండేదాని మీద."

మా తాత దూదేకేవాడు.
విల్లుతీగ టంగుమంటే
అణిగిన పత్తి లేచి గదంతా తానే అయ్యేది.
అప్పుడు దూదిలో, ఇప్పుడు రబ్బరులో,
మన కులవృత్తి గాలి నింపడమేనని నాన్న నవ్వేవాడు.

మే నెల మిట్టమధ్యాహ్నం
డ్రైవర్లు తొందరపెడతారు:
"నూట ముప్పై చూపిస్తంది, కొంచెం తియ్యి."
తియ్యను.
లోపల ఒక్క రవ్వ కూడా ఎక్కువ కాలేదు,
ఉన్నవే ఎండకు వెర్రెత్తి పరిగెడుతున్నాయి.
నీడన కూర్చో, మజ్జిగ తాగు,
అవే నడకలో పడతాయి.
వేడి మీద టైరునీ కొలవగూడదు, మనిషినీ కొలవగూడదు.

రాయి కూడా ఊరికే ఉండదు.
మధ్యాహ్నం పూట పలక మీద చెయ్యి పెట్టి చూడు,
నిలబడ్డ చోటే వణుకుతున్నాయి దాని రవ్వలు,
పొదిలి బస్సులో కిక్కిరిసిన జనంలా,
దిగే దారి లేక.

రంజాన్ ముందు శుక్రవారం
నాన్న ఒక చక్రానికి గాలి పట్టి
గోడకు ఆనించి, పైన సుద్దతో 110 అని రాశాడు.
తీసుకోవాల్సిన మనిషి రాలేదు.
సోమవారానికి నాన్న లేడు.

నెలకోసారి, తెల్లారుజామున చల్లగా ఉన్నప్పుడు
గేజి పెట్టి చూసేదాన్ని.
నూట ఎనిమిది.
నూట అయిదు.
నూట ఒకటి.
చుట్టూరా సబ్బునీళ్లు పూశా,
ఒక్క బుడగ లేవలేదు.
చిల్లు లేదు, అయినా పోతోంది,
రబ్బరు సందుల్లోంచి ఒక్కొక్కటీ, చప్పుడు లేకుండా.
నింపితే నిండేది. నింపలేదు.
కొత్తది కలిస్తే
ఏవి నాన్న పట్టినవో ఏ గేజీ చెప్పదు.

నిన్న రాత్రి ఒంటిగంటకు
మాల్యాద్రి లారీ ఒక పక్కకు ఒరిగి ఆగింది.
ట్యూబు వాల్వు మొదలంటా తెగింది.
పొద్దునకి రాయి ఓడ కాడ ఉండాలంట.
ఆ సైజు ట్యూబు నా దగ్గర ఒక్కటే ఉంది.

రింగు విప్పాలంటే ముందు గాలంతా తీసెయ్యాలి,
లేకపోతే ప్రాణం తీస్తుంది.
పిన్ను నొక్కా.
అంత ఉక్కలో
బొటనవేలు మంచుముక్కయింది.
చాలాసేపు పోయింది.
రేకుల కిందికి, వేపాకుల్లోకి,
మాల్యాద్రి బీడీ పొగలోకి,
రోడ్డవతల లేచి చూసిన కుక్క దాకా.
గిన్నెడు చోటిస్తే గిన్నెడు,
ఊరిస్తే ఊరంత.

ట్యూబు మార్చా. కంప్రెసరు వేశా.
దడదడమంటూ అది
చుట్టూ ఉన్న గాలినే లాక్కుంది,
మింగే కొద్దీ వేడెక్కింది.
ఎన్ని మళ్లీ లోపలికి పోయాయో.
కొన్ని పోయే ఉంటాయి.

నూట పది.
మాల్యాద్రి రెండొందలిచ్చి చిల్లర అడక్కుండా ఎక్కాడు.
రాయి కదిలింది.

పొద్దున గోడ మీద అంకె చెరిపేశా.
అరచేతికి అంటిన సుద్దపొడి ఊదితే
రేకు చిల్లులోంచి దిగిన ఎండలో
కింద పడకుండా,
ఎవరో అటూ ఇటూ తోస్తున్నట్టు
అట్టాగే ఆడుతూ ఉంది.